పక్కవాళ్ళ చేను

మన పర్యావరణ పాఠంలో ఆల్డో లియోపోల్డ్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. మనిషికీ మనిషికీ మధ్య ఉన్నట్టే మనిషికీ నేలకీ మధ్య కూడా ధర్మం ఉండాలని చెప్పిన అమెరికన్ అని. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. నాకు చాల్లేదు. మాది హోసూరు దగ్గర అడవి అంచు పల్లె. రాగి చేను కంకి పట్టినప్పుడు ఏనుగులు దిగుతాయి, మావాళ్ళు రాత్రంతా కాపలా ఉంటారు. అడవి మృగాల్ని కాపాడాలని ఎవరైనా వచ్చి చెబితే మా తాత వినేసి ఊరుకుంటాడు గానీ, వాళ్ళు పోయాక లెక్క చెబుతాడు. మృగాన్ని చూసి సంతోషపడేది ఊరంతా, నష్టపోయేది చేను గలవాడు అని. అందుకే ఈ నేల ధర్మం చెప్పినాయన చేను గలవాణ్ణి ఎక్కడ నిలబెట్టారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమంటే, ఆయన జీవితంలో రెండో సగమంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

లియోపోల్డ్ 1887 జనవరి 11న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్‌టన్‌లో పుట్టారు. మిసిసిపి నది పక్కన ఎత్తైన గుట్ట మీద ఇల్లు. తండ్రి కార్ల్ రాతబల్లలు తయారుచేసే కంపెనీ నడిపేవారు. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం కాబట్టి ఇంట్లో జర్మన్, బయట ఇంగ్లీషు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తండ్రికి వేట అలవాటు. కొడుకును చిన్నప్పుడే బాతుల వేటకు తీసుకుపోయేవారు. కానీ వసంతంలో బాతులు గుడ్లు పెట్టే చోట్లకు తిరిగిపోతున్నప్పుడు వాటిని కొట్టడం తప్పని, ఆ కాలంలో వేట మానేశారు. అప్పటికి దాన్ని ఆపే చట్టం లేదు. తనకు తానే గీసుకున్న గీత అది. వేటగాడు మృగాల్ని కాపాడటమేంటని మనకు అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే ఆ దేశంలో అడవి జంతువుల గురించి ముందుగా కలవరపడినవాళ్ళలో చాలామంది వేటగాళ్ళే. కొట్టడానికి ఏమీ మిగలట్లేదని వాళ్ళకే ముందు తెలిసింది. లియోపోల్డ్ కూడా జీవితాంతం వేట మానలేదు. ఈ సంగతి దాచి ఆయన్ని మునిలాగా చూపిస్తే ఆయన కథ అర్థం కాదు.

యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చదివి 1909లో ప్రభుత్వ అటవీశాఖలో చేరారు. నైరుతి మూలనున్న అరిజోనాకు పంపారు. అప్పటికి అది ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. వయసు 22, చేతిలో తుపాకి, కింద గుర్రం. తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతాయి, కాబట్టి తోడేలు కనబడితే కాల్చెయ్యాలి అన్నది అప్పటి నమ్మకం. ఆయనా, తోటివాళ్ళూ ఒక కొండ మీదినుంచి తల్లి తోడేలునూ పిల్లల్నీ కాల్చారు. దగ్గరికి పోయి చూస్తే తల్లి కళ్ళలో వెలుగు ఆరిపోతూ ఉంది. ఆ చూపు గురించి ఆయన రాసింది 1944లో, అంటే 35 ఏళ్ళ తరవాత. ఆ వ్యాసం చాలా పేరు పొందింది. ఆ చూపుతోనే మనిషి మారిపోయినట్టు కొందరు చెబుతారు. నాకలా అనిపించలేదు. కాల్చిన తరవాత కూడా ఎన్నో ఏళ్ళు తోడేళ్ళు ఉండకూడదనే ఆయన వాదించారు. మార్పుకు ఒక్క చూపు చాల్లేదు, తోడేళ్ళు లేని కొండల మీద జింకలు పెరిగి పెరిగి, చెట్టూ చేమా నమిలేసి, చివరికి ఆకలితో చావడం చూడాల్సొచ్చింది.

1912లో సాంతా ఫేలో ఎస్టెల్లా బెర్‌గెరేను పెళ్ళి చేసుకున్నారు. ఆమెది స్పానిష్ మాట్లాడే పాత కుటుంబం, గొర్రెల మందలున్న ఇల్లు. మరుసటి ఏడాది ఆయన వానలో, వడగళ్ళలో తడుస్తూ తిరిగి మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టారు, ఏడాదికి పైగా కోలుకోలేదు. 1924లో న్యూమెక్సికోలోని గిలా ప్రాంతంలో ఏడు లక్షల ఎకరాలకు పైగా భూమిని రోడ్లు వెయ్యకుండా, అడవిగానే వదిలేసేటట్టు పై అధికారుల్ని ఒప్పించారు. అలా వదిలేసిన మొదటి అడవి అమెరికాలో అదే. పెద్ద పనే, కాదనను. కానీ ఒకటి గమనించండి. అది ప్రభుత్వ భూమి. ఒక్క ఉత్తరువుతో అయిపోయింది. అడగడానికి అక్కడ రైతు లేడు.

అదే ఏడాది ఆయనకు విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు బదిలీ అయింది. అక్కడ కథ వేరు. పాలకోసం ఆవుల్ని పెంచే రైతులు, మొక్కజొన్న చేలు, మధ్య మధ్య చిత్తడి నేలలు, చిన్న చిన్న తోపులు. ఎకరం ఎకరానికీ ఒక యజమాని. ప్రభుత్వ ఉద్యోగం 1928లో వదిలేసి, తుపాకుల కంపెనీల సంఘం ఇచ్చిన డబ్బుతో మధ్య పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి, పూరేడు పిట్టలు ఎక్కడున్నాయి, ఎక్కడ పోయాయి, ఎందుకు పోయాయి అని లెక్కలు తీశారు. వేట ఒక్కటే కారణం కాదని తేలింది. కంచెల వెంట ఉండే పొదలు కొట్టేశారు, చిత్తడి నేలల్లో నీళ్ళు తోడేశారు, తోపుల్లోకి ఆవుల్ని తోలారు. పిట్టకు దాక్కునే చోటు లేదు, చలికాలంలో గింజ లేదు. ఇవన్నీ ఉండాలా వద్దా అని తేల్చేది చేను గలవాడే.

అక్కడి చట్టంలో ఒక చిక్కుంది. అడవి పక్షీ జంతువూ ప్రజలందరివీ, అవి తిరిగే నేల మాత్రం రైతుది. పూరేడుకు నీడ ఇచ్చి, చలికాలంలో గింజ వేసి బతికించినా రైతుకు పైసా రాదు. పైగా అవి పెరిగాయని తెలియగానే పట్నం నుంచి తుపాకులేసుకుని వచ్చి చేలు తొక్కుతారు. మరి ఏ రైతు పొద ఉంచుతాడు? 1930లో జాతీయ స్థాయిలో వేట జంతువుల విధానం రాసిన సంఘానికి లియోపోల్డ్ అధ్యక్షులు. అందులో ఆయన పట్టుబట్టి పెట్టించిన మాట ఇదే. మృగాల్ని బతికించే రైతుకు ప్రతిఫలం ఉండాలి, జనం దానికి ఖర్చు పెట్టుకోవాలి.

కాగితం మీద రాయడం సరే, చేసి చూపించాలి కదా. 1930 చివర్లో, చలి మొదలవుతున్న రోజుల్లో, ఒక ఆదివారం వేటకు చోటు వెతుక్కుంటూ మాడిసన్‌కు పడమరగా పోతున్నారు. దాహమేసి రైలీ అనే చిన్న ఊరి దగ్గర ఒక రైతు ఇంటి ముందు ఆగారు. రైతు పేరు పాల్సన్. బావి దగ్గర పాలక్యాన్లు కడుగుతున్నాడు. మాటల్లో పడ్డారు. అనుమతి లేదని బోర్డు పెట్టినా వినకుండా చొరబడి పిట్టల్ని కొట్టుకుపోతున్నారని రైతు బాధ. తాను పుస్తకంలో రాసేవి నిజంగా పనిచేస్తాయో లేదో చూసుకోవడానికి నేల కావాలని ఈయన అవసరం. ఇద్దరి అవసరాలూ ఒక చోట కలిశాయి. 1931లో రైలీ సహకార సంఘం పుట్టింది. 11 రైతు కుటుంబాలు, పట్నం నుంచి అయిదుగురు, మొత్తం 1,700 ఎకరాల దాకా నేల. పట్నంవాళ్ళు గింజలకూ పక్షి పిల్లలకూ డబ్బు పెట్టాలి. రైతులు నేల ఇవ్వాలి, కాపలా ఉండాలి. చిత్తడి మూలల్లోకి ఆవులు పోకుండా కంచె వెయ్యడం, పొదలు నాటడం, మంచు పడ్డాక మేత తొట్లు నింపడం ఇద్దరూ కలిసి చేసే పని. సంఘంలోవాళ్ళూ వాళ్ళు అనుమతించినవాళ్ళూ మాత్రమే వేటాడాలి, అదీ లెక్క ప్రకారం.

చిన్న సంగతే, ఇందులో వీరత్వం ఏమీ లేదు. నాకు మాత్రం గిలా కంటే ఇదే పెద్దదనిపించింది. ఎందుకంటే మా తాత చెప్పే లెక్కకు ఇక్కడ జవాబు ప్రయత్నించారు. నష్టం ఒకడిది, లాభం అందరిదీ అయితే, ఆ అందరూ కొంత భారం మొయ్యాలి. ఏనుగు పూరేడు కాదు, తొట్టిలో గింజ వేస్తే సరిపోయే జంతువు కాదు, నాకు తెలుసు. రైలీలో జరిగింది మా పల్లెలో జరగదు. అయినా రైతు ఇంటికి ఉపదేశంతో పోకుండా మంచినీళ్ళు అడగడానికి పోయిన మనిషి, ముందు రైతు బాధ విన్నాడు. ఆ సంఘం పదేళ్ళకు పైగా నడిచింది.

1933లో ఆయన రాసిన గేమ్ మేనేజ్‌మెంట్ పుస్తకం వచ్చింది. అదే ఏడాది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయన కోసం ఆ విషయంలోనే ఆచార్య పదవి పెట్టింది. అలాంటి పదవి దేశంలో అదే మొదటిది. దాన్ని పెట్టిందేమో వ్యవసాయ ఆర్థికశాస్త్ర శాఖలో. జంతుశాస్త్రంలో కాదు. ఆ శాఖ పేరే ఆయన పని గురించి సగం చెబుతుంది.

అప్పుడే కూన్ వ్యాలీ పని వచ్చింది. విస్కాన్సిన్ నైరుతిలో నిటారు కొండలూ లోయలూ ఉన్న చోటు. నార్వే నుంచి వచ్చిన పాడి రైతులు కొండవాలు మీది చెట్లలోకి ఆవుల్ని తోలేవారు, వాలు వెంబడే నిలువుగా దున్నేవారు. వాన పడితే మట్టి కరిగి లోయలోకి దిగేది, వంకలు కోసుకుంటూ చేల మధ్యలోకి వచ్చేవి. 1933లో కేంద్ర ప్రభుత్వపు మట్టి కోత నివారణ శాఖ, దేశంలో మొదటిసారిగా ఒక పూర్తి వాగు పరీవాహక ప్రాంతాన్ని, 92,000 ఎకరాల్ని, ప్రదర్శనగా తీసుకుంది. లియోపోల్డ్ అందులో సలహాదారు. ఆయన పెద్ద కొడుకు స్టార్కర్ అక్కడ పని కూడా చేశాడు.

ఒప్పందం ఇలా ఉండేది. అయిదేళ్ళు రైతు నిటారు వాలు మీదికి ఆవుల్ని తోలకూడదు. వాలుకు అడ్డంగా దున్నాలి, ఒక పట్టీ మొక్కజొన్న వేస్తే పక్క పట్టీ గడ్డి వెయ్యాలి. ప్రభుత్వం కంచె తీగ, సున్నం, ఎరువు, విత్తనం, మనుషుల్ని ఇస్తుంది. ఆర్థిక మాంద్యంలో పని దొరకని కుర్రాళ్ళ దళాలు శిబిరాలు వేసుకుని వంకలకు అడ్డుకట్టలు కట్టాయి. 400 మందికి పైగా రైతులు సంతకాలు పెట్టారు. ఎవర్నీ బలవంతం చెయ్యలేదు. సేద్యానికి పనికిరాని మూలల్లో పూరేళ్ళకోసం పొదలు నాటించడం లియోపోల్డ్ చేర్చిన పని. ఆయనకు నచ్చిందేమంటే, మట్టి, నీళ్ళు, చెట్టు, పిట్ట, ఆవు, అప్పు అన్నీ ఒకే రైతు ఇంట్లో కలిసి ఉంటాయని ఆ ఒప్పందం గుర్తించింది. ఇతర చోట్ల ఒక శాఖ వాగులో చేపలకోసం కట్టలు కడుతుంటే ఇంకో శాఖ పైన రోడ్డు తవ్వి అదే వాగులోకి బురద దింపేది. ఆ వింతలు ఆయన ఎగతాళిగా రాశారు.

కూన్ వ్యాలీ వాలుల మీద ఆ పట్టీల సేద్యం ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే అంతా బాగుందని ఆయన చెప్పలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆ వైపు చాలాచోట్ల అయిదేళ్ళ గడువు అయిపోగానే రైతులు తమకు వెంటనే డబ్బు తెచ్చే పద్ధతుల్ని మాత్రమే ఉంచుకుని మిగతావి వదిలేశారు. 1937లో విస్కాన్సిన్ ఇంకో చట్టం చేసింది. మీ నేలకు మీరే నియమాలు రాసుకోండి, మేం సాయం చేస్తామని రైతులకు చెప్పింది. పదేళ్ళయినా ఒక్క జిల్లా కూడా ఒక్క నియమం రాసుకోలేదు. బడికి, రోడ్డుకు ఊరు కలిసి చందా వేసుకుంటుంది గానీ, వాగులో నీళ్ళకు, చేను అంచున పూసే పువ్వుకు ఎవరూ బాధ్యత అనుకోరు, ఎందుకని? ఆయన నేల ధర్మం ఈ ప్రశ్నలోంచి పుట్టింది. లాభం ఆశ చూపించి రైతుతో చేయించింది లాభం ఆగగానే ఆగిపోతుంది, కాబట్టి లోపల ఏదో మారాలి అని ఆయన తేల్చుకున్నారు.

ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోలేను. విశ్వవిద్యాలయం జీతం ఉన్నాయన ధర్మం గురించి ఆలోచించగలరు, పాలవాడికి అప్పు కట్టాల్సిన రైతుకు ముందు అప్పే కనబడుతుంది. కానీ ఆయన రైతును తిట్టి ఊరుకోలేదు. 1930ల చివర్లో ఒక రైతు పత్రికకు చిన్న చిన్న వ్యాసాలు రాస్తూ వచ్చారు. ఏ పొద ఉంచాలి, చలికాలంలో మేత ఎలా పెట్టాలి, తోపులో ఏ చెట్టు కొట్టకూడదు, ఇలాంటివి. ఫేవిల్ గ్రోవ్ అనే చోట తన విద్యార్థుల్ని రైతుల మధ్యే ఉంచి చదివించారు. అక్కడ స్టౌటన్ ఫేవిల్ అనే ముసలి రైతు తన చేలో ఎప్పుడూ నాగలి పెట్టని గడ్డినేలను, అందులో పూసే తెల్ల ఆర్కిడ్‌ల కోసం, దున్నకుండా ఉంచాడు. లియోపోల్డ్‌కు ఆ ముసలాయన అంటే చాలా గౌరవం. ధర్మమనేది పుస్తకంలో కాకుండా ఒక చేలో కనబడింది కదా.

1935లో తానే నేల కొన్నారు. మంచి నేల కాదు. విస్కాన్సిన్ నది పక్కన 80 ఎకరాల ఇసక, మొక్కజొన్న వేసి వేసి సారం పోయి రైతు వదిలేసి పోయినది. ఇల్లు కాలిపోయింది, మిగిలింది ఒక కోళ్ళ కొట్టం. దాంట్లో మోకాలెత్తు పెంట ఉండేదట. అది తీసి, పలకలు కొట్టి, పొయ్యి కట్టి, ఆయనా, ఎస్టెల్లా, అయిదుగురు పిల్లలూ వారాంతాల్లో అక్కడికి పోయేవాళ్ళు. ప్రతి వసంతంలో వేలకొద్దీ పైన్ మొక్కలు నాటారు. 1936లో కరువొచ్చి నాటినవాటిలో ఎక్కువ భాగం ఎండిపోయాయి. మళ్ళీ నాటారు. పార పట్టింది ఇంట్లో అందరూ. ఏ పువ్వు ఏ రోజు పూసింది, ఏ పిట్ట ఏ వేళకు కూసింది అని ఆయన పుస్తకంలో రాసి పెట్టుకునేవారు. అయిదుగురు పిల్లల్లో ముగ్గురు, స్టార్కర్, లూనా, చిన్నకూతురు ఎస్టెల్లా, పెద్దయ్యాక అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు. పెద్దకూతురు నీనా ముసలితనంలో ఆ నేల దగ్గరికే వచ్చి ఉండి, నాన్న రాసిన తేదీల పక్కన తన తేదీలు రాసింది. పోల్చి చూస్తే వసంతం ముందుకు జరిగిందని తేలింది. 1999లో అది శాస్త్ర పత్రికలో వచ్చింది. మన కాలేజీ కాబట్టి ఈ ఇద్దరు కూతుళ్ళ పేర్లూ తప్పకుండా రాయాలనిపించింది.

1943లో రాష్ట్ర సంరక్షణ సంఘంలో సభ్యులయ్యారు. జింకలు మితిమీరి పెరిగి చలికాలంలో ఆకలితో చస్తున్నాయి, ఆడ జింకల్ని కూడా తగ్గించక తప్పదని చెప్పారు. జనం మండిపడ్డారు. ఆ విధానాన్ని ఎదిరించడానికే ఒక పత్రిక పెట్టారు. తోడేళ్ళ రోజుల నుంచి తాను నేర్చుకున్నదాన్ని ఆయన చెప్పారు, వినేవాళ్ళు తక్కువ.

ముఖంలో నరాల నొప్పి ఆయన్ని చివరి ఏళ్ళలో చాలా బాధపెట్టింది. 1947లో తలకు శస్త్రచికిత్స జరిగింది. అప్పటికి ఆయన వ్యాసాల పుస్తకాన్ని ప్రచురణకర్తలు తిప్పి తిప్పి పంపారు. 1948 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి ఫోన్ వచ్చింది, వేస్తామని.

సరిగ్గా వారం తరవాత, ఏప్రిల్ 21 ఉదయం, ఆయన ఆ ఇసక నేల దగ్గరే ఉన్నారు. భార్య, చిన్నకూతురు కూడా ఉన్నారు. పక్క రైతు చేను వైపు నుంచి పొగ లేచింది. అక్కడ చెత్తకు పెట్టిన నిప్పు అదుపు తప్పి ఎండుగడ్డికి అంటుకుంది. గాలి వీళ్ళ పైన్ చెట్ల వైపు ఉంది. బక్కెట్లు, చీపురు, వీపున మోసే నీళ్ళ పంపు తీసుకుని పరుగెత్తారు. కూతుర్ని సాయం పిలవడానికి పంపారు, భార్యను ఒక అంచున నిలబెట్టారు, ఆయన పంపుతో గడ్డి తడుపుతూ ఒంటరిగా ముందుకు పోయారు. అక్కడే గుండె ఆగింది. పంపు దించి, నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు గుండె మీద పెట్టుకుని ఉన్నారు. మంట ఆయన మీదుగా తేలిగ్గా దాటిపోయింది. జేబులో ఉన్న చిన్న నోటుపుస్తకం అంచులు కాలాయి. వయసు 61.

పుస్తకాన్ని కొడుకు లూనా సరిచూశాడు, 1949లో వచ్చింది. ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్ అంటే మన మాటల్లో ఇసుక జిల్లా పంచాంగం. జనవరి నుంచి డిసెంబరు దాకా ఆ 80 ఎకరాల్లో ఏమి జరుగుతుందో మొదటి భాగం, చివర్లో నేల ధర్మం. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. తరవాత ఇరవై లక్షల ప్రతులు దాటింది.

1960లలో ఆ చుట్టుపక్కల నేలలున్నవాళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరి నేల వాళ్ళ పేరు మీదే ఉంటుంది, అయినా ఇళ్ళ ప్లాట్లు వెయ్యకుండా అంతా కలిపి ఒకటిగా చూసుకుందామని. ఆ ఇసకలో పైన్ చెట్లు ఇప్పుడు చాలా ఎత్తుకు ఎదిగాయి. కోళ్ళ కొట్టం కూడా అలాగే ఉంది.